కత్తెరక్క నిక్కర్లు, మరిది గొట్టం

దగ్గరికి జరగండి. ఆ చివర గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రండి. ఇది అరిచి చెప్పే కథ కాదు, మధ్యలో ఒక పెద్దమనిషి పరువు సంగతి ఉంది. నవ్వు వస్తే నవ్వుకోండి గానీ సగంలో లేచి పోవద్దు. ఈ కథలో సగంలో లేచినవాళ్ళకు ఏం జరిగిందో మీరే వింటారు.

ఒక వీధి మలుపులో రెండంతస్తుల ఇల్లు. కింద ప్లాస్టిక్ సంచుల మీద అంగళ్ళ పేర్లు అచ్చు వేసే చిన్న కార్ఖానా, పైన కాపురం. కార్ఖానా ఆ ఇంటి చిన్నకొడుకుది. పైన వీధివైపు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది పెద్దకోడలు. ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. చేతిలోని కత్తెర వల్ల ఆ పేరు వచ్చిందని ఆమె అనుకునేది. నోట్లోని కత్తెర వల్ల వచ్చిందని వీధి అనుకునేది. ఆమె భర్త బస్సు నడిపేవాడు. ఇంట్లో మాటల పోరు మొదలయ్యే సూచన కనిపిస్తే చాలు, ఆయనకు డ్యూటీ గుర్తొచ్చేది. అందుకని ఆయన్ను ఈ కథలో ఎక్కువగా వెతకొద్దు.

పోరంతా ఆ గది గురించే. కార్ఖానాలో ప్లాస్టిక్ చుట్టలు పెరిగి పెరిగి గుమ్మం దాకా వచ్చాయి. మరిదికి వదిన గది మీద కన్ను పడింది.

"వదినా, నువ్వు కుట్టే నాలుగు గౌన్లకు అంత గదెందుకు? వంటింటి మూల చాలదూ?"

"నీ సంచులకు ఊరే చాలదు, నా గదేం చాలుతుంది నాయనా? నా మిషను మూలకెళ్ళిన రోజున నేనూ మూలకెళ్ళినట్టే. అది జరగదు. పోయి నీ పని చూసుకో."

రోజూ ఇదే భాగోతం. విని విని విసిగిన అత్తగారు ఒకనాడు తీర్పు చెప్పేసింది. బడిలో ఆటల పోటీలు వస్తున్నాయి. డ్రిల్లు చేసే పిల్లలందరికీ నీలం నిక్కర్లు కుట్టే పని కత్తెరక్కకు వచ్చింది. "మైదానంలో ఒక్క నిక్కరు కూడా జారకపోతే గది పెద్దదానికి. ఇక ఈ జన్మలో ఆ మాట ఎత్తకూడదు. ఒక్కటి జారినా గది చిన్నాడిది. ఇక నన్ను మనశ్శాంతిగా కూర్చోనివ్వండి." కత్తెరక్క సరేనంది. మరిది ఆ సాయంత్రమే గది కొలతలు తీసుకున్నాడు.

ఇప్పుడు మరిది మిషను సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత మీరు ఊరికే అందరినీ అనుమానిస్తారు. ప్లాస్టిక్ మీద అచ్చురంగు ఊరికే నిలవదు, వేలితో రుద్దితే వచ్చేస్తుంది. అందుకని ప్లాస్టిక్‌ను ముందు ఒక ఇనుప కడ్డీ కిందుగా లాగుతారు. ఆ కడ్డీ నుంచి నీలంగా, సన్నగా, చిటచిటమని మెరుపులు కురుస్తాయి. ఆ మెరుపుల్లో తడిసిన ప్లాస్టిక్ రంగును గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని ఇంట్లో మెరుపు మిషను అనేవారు.

మిషను బిగించిన మనిషి వెళ్ళేముందు మరిదిని కూర్చోబెట్టి చెప్పాడు. "బాబూ, మెరుపు గాలిని ఊరికే వదలదు. మనం పీల్చే ప్రాణవాయువు జంటలు జంటలుగా ఉంటుంది. మెరుపు ఆ జంటల్ని విడగొట్టి, ముగ్గురేసి చొప్పున కడుతుంది. దాన్ని ఓజోన్ అంటారు. ఇద్దరి మధ్య దూరిన మూడోవాడు కుదురుగా ఉంటాడా? దొరికినదాన్నల్లా అంటుకుంటాడు, రబ్బరంటే మరీ ఇష్టం. గాలిలోని నైట్రోజన్ కూడా కొంచెం కాలి ఇంకో ఘాటు గాలి అవుతుంది. దానికి చెమ్మ తగిలిందా, పులుపెక్కి ఇనుమునూ రంగునూ తింటుంది. మనిషి గొంతుకూ మంచిది కాదు. అందుకే ఈ గొట్టం ఇంటి కప్పు దాటి పైకి పోవాలి." మరిది తలూపాడు. తలూపడానికి వినక్కర్లేదు కదా. గొట్టాన్ని కప్పు దాకా తీసుకెళ్ళాలంటే పెద్ద పని అని, వెనక గోడలోంచి పెరట్లోకి పెట్టి ఊరుకున్నాడు.

పెరట్లో అత్తగారు కూర్చునేది. ఆమె ముక్కుకు ఆ ఇంట్లో ఒక హోదా ఉంది. పూర్వం ఒకసారి మండుటెండలో ఆ ముక్కు వాన వాసన పట్టింది. ఎవరూ లెక్కచేయలేదు. ఆ సాయంత్రం వీధిలో చెప్పులు పడవల్లా తేలాయి. అప్పటినుంచి ఆ ముక్కు చెప్పిందే వేదం. మెరుపు మిషను గాలి సరిగ్గా పిడుగులు పడ్డాక వచ్చే వాసనే వేస్తుంది. పెద్దావిడకు రోజూ వాన వాసన, రోజూ మోకాళ్ళ నొప్పులు. "వాన రాదు, వాసన పోదు, నా మోకాళ్ళు మాత్రం పోయేలా ఉన్నాయిరా" అని చిన్నకొడుకు దగ్గర మొత్తుకుంది. కొడుకు మనసు కరిగింది. అమ్మకు అసలు సంగతి చెబితే గొట్టం తీసెయ్యమంటుంది, అది పెద్ద పని. అందుకని చెప్పకుండా గొట్టానికి ఒక వంపు తొడిగి పక్కగోడ వైపు తిప్పేశాడు. తిప్పాడు గానీ తలెత్తి చూడలేదు. గొట్టం మూతి సరిగ్గా వదిన కుట్టుగది వెంటిలేటర్ కింద ఆగింది.

మర్నాడు పొద్దున కత్తెరక్క లేస్తూనే పని ఒక వరసలో పెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా నిక్కర్లన్నిటికీ ఎలాస్టిక్ వేసేయాలి. సాయంత్రం దాకా పరీక్ష. మర్నాడు డ్రిల్లు మాస్టారికి ఇచ్చేయాలి. తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చుని, మరిది మొహం ఎలా మారుతుందో చూడాలి.

ఆ పరీక్ష ఏమిటంటే, ఎలాస్టిక్ వేసిన ప్రతి బట్టనూ ఆమె ఒక బోర్లించిన బకెట్‌కు తొడిగేది. నడుము పట్టీ బిగుసుకునేదాకా కిందికి లాగి ఒక పూటంతా అలా వదిలేసేది. "బకెట్ ఓర్చుకుంటే మనిషి ఓర్చుకుంటాడు" అనేది. వేరే ఏ కుట్టుపనివాళ్ళూ అలా చేయరు. ఆ రోజు ఇంట్లో బకెట్లు చాలక వీధంతా తిరిగి అరువు తెచ్చింది. డ్రిల్లు మాస్టారి తెల్ల ప్యాంటు కూడా నడుము వదులు చేయడానికి వచ్చింది, మాస్టారి పొట్ట ఏటేటా ముందుకు నడుస్తోంది మరి. ఆ నడుముకు సరిపోయే బకెట్ ఎక్కడా దొరక్క, దానికీ ఎలాస్టిక్ వేసి నీళ్ళ డ్రమ్ముకు తొడిగింది.

అంతా అయ్యేసరికి అత్తగారు గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగింది. ముక్కు పైకెత్తింది.

"పెద్దదానా, కిటికీలు మూసెయ్. ఇవాళ వాన పడుతుంది."

"ఎండ పేలిపోతోంది అత్తయ్యా."

"ఇన్నాళ్ళూ పెరట్లో ఉన్న వాసన ఇవాళ మేడ ఎక్కింది. అంటే వాన దగ్గరపడింది. కొత్త బట్టలకు చెమ్మ తగులుతుంది, మూసెయ్."

ఆ ముక్కుతో వాదించే ధైర్యం కత్తెరక్కకు కూడా లేదు. కిటికీలన్నీ బిగించింది. వెంటిలేటర్‌కు మాత్రం తలుపు లేదు, ఒక నీలం తెర ఉందంతే. భర్త గొడుగు పట్టుకుని డ్యూటీకి పోయాడు. కింద మరిదికి తొందర పని ఉండి మిషను పొద్దుగూకేదాకా చిటచిటలాడింది. వెంటిలేటర్‌లోంచి వచ్చిన గాలి గదిలో సుఖంగా కూర్చుంది. తిరిగి పోవడానికి దారి లేదు. వాన చుక్క పడలేదు. ఇంట్లో అందరూ దగ్గారు. "వాతావరణం మారింది" అంది అత్తగారు.

మర్నాడు డ్రిల్లు మాస్టారు వచ్చారు. కత్తెరక్క గర్వంగా గది తలుపు తీసింది. మాస్టారు ఒక నిక్కరు అందుకుని నడుము పట్టీ సాగదీశారు. అది సాగింది, సాగినదల్లా తిరిగి రాలేదు. ఇంకోటి లాగారు. 'టప్' మంది. మూడోదాన్ని ఆయన లాగలేదు, ముట్టుకుంటేనే వదిలేసింది. కుట్టు విప్పి చూస్తే ఎలాస్టిక్ నిండా ఎండిన చెరువులా పగుళ్ళు.

"అమ్మా, ఇవి వేసుకుని పిల్లలు గోపురం కట్టాలి. ఒకడి భుజాల మీద ఒకడు నిలబడాలి. చేతులు పైకెత్తాలి. పైకెత్తిన చేతులతో నిక్కరు పట్టుకోలేరు కదా?"

"నిన్న చూసి ఉంటే ఇలా అనేవాళ్ళు కాదు మాస్టారూ."

"పోటీలు నిన్న కాదమ్మా, ఎల్లుండి. బజారులో కొనేసుకుంటాం లెండి."

"ఎల్లుండి పొద్దున దాకా ఈ పని నాది. మధ్యలో బజారు వైపు చూశారంటే మీ తెల్ల ప్యాంటు మీకు దక్కదు."

మాస్టారికి ఉన్నది ఒక్కటే తెల్ల ప్యాంటు. బజారు మాట అక్కడితో వదిలేశారు. ఈలోగా గుమ్మంలో మరిది కొలత టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు చేతిబలం ఎక్కువ వదినా. నువ్వు లాగితే ఇనుమైనా తెగుతుంది. ఇంతకీ ఆ బీరువా ఎప్పుడు జరుపుతావు?"

"నీ పెళ్ళినాడు నీ చెవి లాగాను, తెగిందా? పో ఇక్కణ్ణించి."

దోషం ఎవరిదో ఆమెకు అప్పటికే తేలిపోయింది. ఎలాస్టిక్ అమ్మిన దారాల కొట్టాయనది. తెగిన ముక్కలు దోసిట్లో పట్టుకుని బజారుకు నడిచింది. కొట్టు నిండా మనుషులు ఉండగానే ఆ ముక్కలు బల్ల మీద పోసింది.

"ఏవయ్యా, ఇది ఎలాస్టిక్కా, నీ తాతగారి కాలం నాటి పీచా?"

దారాల కొట్టాయనకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. అదే చుట్టలోంచి ఒక ముక్క కోసి, మేకుకు తగిలించి, దానికి తూకపురాయి వేలాడదీశాడు. రాయి ఊగింది గానీ ఎలాస్టిక్ తెగలేదు. తర్వాత తన పొట్ట చూపించాడు. "చూడమ్మా, నేను వేసుకున్న ప్యాంటుకు కూడా ఈ చుట్టలోదే. ఈ పొట్టను మోస్తోంది. ఇంతకంటే సాక్ష్యం కావాలా? నువ్వే దానికేదో చేస్తున్నావు. ఇస్త్రీ పెడుతున్నావో, ఉడకబెడుతున్నావో."

"నేనా? వచ్చి చూడు. నా గదిలో కూర్చో. కళ్ళు మూయకుండా కాపలా కాయి. నేను వేలు పెడితే నన్నడుగు."

"కాస్తాను. నా సరుకు పరువు నాది. ఒక్క ముక్క తెగిందా, నేను మీసం తీసేస్తాను."

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చి పడింది. అత్తగారి రబ్బరు చెప్పుల పట్టీలు రెండూ ఒకేసారి తెగాయి. ఆమె కుట్టుగదిలో గుమ్మం పక్కనే వదిలేది వాటిని. "నేనెక్కడికీ నడవనే నడవను, చెప్పులెలా అరిగాయి?" అని ఆమె, "మీరు నడవకపోయినా మీ నోరు నడుస్తుంది కదా అత్తయ్యా" అని ఈమె. ఈ గొడవలోనే దారాల కొట్టాయన కొత్త చుట్ట చంకన పెట్టుకుని మేడ ఎక్కాడు.

కత్తెరక్క ఆయన కళ్ళెదుటే కొత్త ఎలాస్టిక్ వేసి, నిక్కర్లు బకెట్లకు తొడిగింది. ఆయనకు గది మధ్యలో కుర్చీ వేసి, తాను బయటికి వచ్చి తలుపు మూసింది. "వాన వాసన ఇంకా ఉంది, కిటికీలు తీయకండి" అని అత్తగారు బయటినుంచే హెచ్చరించింది. కొట్టాయన బకెట్ల మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కింద మిషను మొదలైంది.

మొదట్లో ఆయన దర్జాగా ఉన్నాడు. కాసేపటికి గొంతు గరగరలాడింది. ఆ తర్వాత కళ్ళు మండాయి. "ఈవిడ గదిలో ఏదో పెట్టింది" అనుకున్నాడు గానీ లేస్తే ఓడినట్టని లేవలేదు. మీసం సంగతి కదా. పొద్దు వాలేవేళకు ఒక మూల బకెట్ 'టప్' మంది. కొట్టాయన ఉలిక్కిపడ్డాడు. ఇంకో మూల ఇంకో బకెట్. తర్వాత చినుకులు మొదలైనట్టు గదంతా టప్, టప్, టప్.

"చూశారా, వాన" అంది పక్కగదిలోంచి అత్తగారు.

కొట్టాయన దిగ్గున లేచాడు. లేవడంలోనే, ఆ పొద్దంతా ఆయన పొట్ట చుట్టూ బిగుసుకుని ఉన్న సాక్ష్యం కూడా 'టప్' మంది. ఆయన రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. కత్తెరక్క తలుపు తీసేసరికి ఆయన ఆ వాలకంలో నిలబడి దగ్గుతున్నాడు.

"ఏం బాబాయ్, మీసం ఎప్పుడు తీస్తారు?"

"ముందు నన్ను ఇల్లు చేరనివ్వమ్మా."

ఆయన వీధిలోంచి అలాగే నడిచిపోయాడు. ఎదురొచ్చినవాళ్ళు చెయ్యి ఊపితే తిరిగి ఊపలేదు. పెద్దమనిషికి ఇంత పొగరేమిటని వాళ్ళు అనుకున్నారు. మరికాసేపటికి సంగతి తెలిసిపోయింది. కత్తెరక్క గది ఎలాస్టిక్‌ను తినేస్తుందనీ, ఆ గదిలోకి ఏదో చొరబడిందనీ వీధి నిర్ణయించింది. కుట్టడానికిచ్చిన గౌన్లు కొందరు వెనక్కి తీసుకుపోయారు. బకెట్లు అరువిచ్చినవాళ్ళు బకెట్లు తీసుకుపోయారు. మరిది ఒక ప్లాస్టిక్ చుట్ట పైకి తెచ్చి గుమ్మం బయట నిలబెట్టాడు.

"అదేమిటి?"

"ఏం లేదు వదినా. గది అలవాటు పడుతుందని."

"అది ఆ గుమ్మం దాటిందంటే నీ సంచులన్నిటికీ అడుగు కత్తిరిస్తాను. తీసుకుపో."

తీసుకుపోయాడు. కత్తెరక్క తలుపు వేసుకుని బకెట్లు పోయిన గదిలో ఒంటరిగా కూర్చుంది. ఏడుపొచ్చేలా ఉంది గానీ ఆమెకు అది అలవాటు లేని పని. ఇంకొకరైతే అప్పుడు సరే పోనీ అనేవారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి గదిని కళ్ళతో జానెడు జానెడుగా వెతకడం మొదలుపెట్టింది. మిషను సూదుల మీద తుప్పు మచ్చలు కనిపించాయి. నిన్నే కొత్తవి తీసింది. తర్వాత వెంటిలేటర్ తెర మీద కన్ను నిలిచింది. నీలం తెర నడిమధ్యన పళ్ళెమంత గుండ్రంగా వెలిసి, గులాబీ రంగుకు తిరిగింది.

"అత్తయ్యా, నా తెర మీద ఏం పోశారు?"

"అంత ఎత్తున పోయడానికి నేనేమన్నా పక్షినా?"

నిజమే కదా అనుకుని బల్ల ఎక్కి ఆ మరక మీద చెయ్యి పెట్టింది. వెచ్చటి గాలి తగిలింది. వాన వాసన వేస్తోంది. కింద మిషను ఆగింది, గాలీ ఆగింది. మిషను మొదలైంది, గాలీ మొదలైంది. తెర పక్కకు లాగి తల బయటకు పెట్టింది. జానెడు దూరంలో గొట్టం మూతి ఆమె మొహంలోకి చూస్తోంది.

"మరిదీ." ఆ పిలుపుకు కింద మిషను దానంతటదే ఆగిపోయినట్టు చెబుతారు.

మరిది పైకి వచ్చాడు. గొట్టాన్ని చూశాడు, తెరను చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, మిషను బిగించినాయన చెప్పిందంతా. ప్రాణవాయువు జంటలు, మూడోవాడు, రబ్బరు, రంగు, ఇనుము, గొంతు, అన్నీ వరసగా అప్పజెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు. పాపం విన్నాడే గానీ, విన్నది ఇన్నాళ్ళూ బయటికి రాలేదు. లాగి పట్టిన రబ్బరునైతే అది ఇంకా తొందరగా తింటుందని కూడా ఆయన అన్నాడట. అమ్మ మోకాళ్ళ నొప్పులకని గొట్టం ఇటు తిప్పిన సంగతీ ఒప్పుకున్నాడు.

కత్తెరక్కకు అప్పుడు ఇంకో సంగతి అర్థమైంది. బకెట్లకు తొడగకుండా మడతపెట్టి ఊరుకుని ఉంటే ఇన్ని తెగేవి కావు. తన పరీక్షే తన కొంప ముంచింది. ఆ మాట ఆమె పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు, ఎదురుగా తిట్టడానికి మరిది ఉన్నాడు.

"మీ అమ్మ మోకాళ్ళు కాపాడటానికి నా గొంతు కోశావా?"

"తెలిసి చేయలేదు వదినా. రేపే గొట్టం కప్పు దాటిస్తాను. ఇక పందెం గిందెం వదిలెయ్యి. మాస్టారితో నేనే చెబుతాను, తప్పు నాదని. నిక్కర్లు బజారులో కొనుక్కుంటారు. గది నువ్వే ఉంచుకో."

"నువ్వు జాలిపడి వదిలేస్తే ఉంచుకోవడానికి నేనేమన్నా అద్దెకున్నానా? పందెం పందెమే. మైదానంలో ఒక్క నిక్కరు జారినా తాళంచెవి నా చేత్తో నీకిస్తాను. గొట్టం మాత్రం రేపు కాదు, ఇప్పుడే. నిచ్చెన తెచ్చుకో."

గొట్టం ఆ సాయంత్రమే కప్పు దాటింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మర్నాడు కత్తెరక్క మళ్ళీ దారాల కొట్టుకు పోయింది. కొట్టాయన ఆమెను చూస్తూనే ఎలాస్టిక్ చుట్టలన్నీ బల్ల కిందికి తోశాడు. మీసం అలాగే ఉంది.

"నీకు ఎలాస్టిక్ అమ్మను. నువ్వు కాళ్ళు పట్టుకున్నా అమ్మను."

"నేనడిగానా? నీ సరుకు మంచిదే. తప్పు మా ఇంటి గొట్టానిది. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను, విన్నారా అందరూ? ఇప్పుడు బొందు తాడు ఇవ్వు. గట్టిది."

"ఎంత గట్టిది?"

"మా మరిది ఇద్దరు మనుషుల్ని పెట్టి లాగినా ఊడకూడదు."

ఆ రోజంతా కుట్టుమిషను ఆగలేదు. ఎలాస్టిక్ ఊడదీసి, ప్రతి నిక్కరుకూ బొందు ఎక్కించింది. సాయంత్రం మాస్టారు వచ్చి ఒక్కొక్కటీ లాగి చూసి తృప్తిపడ్డారు. తన తెల్ల ప్యాంటు తీసుకుని దాన్నీ లాగి చూశారు.

"మాస్టారూ, అది కూడా ఆ గదిలోనే ఉంది. బొందు వేసిస్తాను, ఇటివ్వండి."

"నేనేమన్నా చిన్నపిల్లవాడినా, బొందు కట్టుకోవడానికి? ఇదిగో, లాగాను, తెగలేదు. చాలు."

"ఒకసారి ఆగింది కదాని రెండోసారి ఆగుతుందని లేదు."

"మీ పంతం మీ ఇంట్లో చూపించుకోండమ్మా" అని ఆయన వెళ్ళిపోయారు.

పోటీల రోజు పొద్దున ఇంటిల్లిపాదీ బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలో ఆగి ముక్కు పైకెత్తింది. "గొడుగులు తెచ్చుకోండి. వాన వస్తుంది."

మరిది పడీ పడీ నవ్వాడు. "అమ్మా, అది వాన కాదే. అది నా గొట్టం. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిన వానలన్నీ నా గొట్టమే."

"నా ముక్కు నీ గొట్టం కంటే ముందు పుట్టిందిరా" అంది పెద్దావిడ. ఎవరూ వినలేదు. ఆమె ఒక్కతే గొడుగు పట్టుకుంది.

మైదానంలో పిల్లలు బారులు తీరారు. డ్రిల్లు మొదలయ్యేసరికి ఆకాశం నల్లబడింది. గోపురం కట్టడానికి మొదటి వరస వంగేసరికి కుండపోత. జనం చెట్ల కిందికి పరుగెత్తారు. మాస్టారు కదల్లేదు, పిల్లలూ కదల్లేదు. కత్తెరక్క కూడా వానలోనే నిలబడి ఒక్కొక్క నడుమూ చూస్తోంది. రెండో వరస ఎక్కింది. మూడో వరస ఎక్కింది. పైవాడు నిలబడి చేతులు చాచాడు. బొందులు తడిసి ఇంకా బిగిశాయి. ఒక్క నిక్కరు కూడా జారలేదు.

మాస్టారి గుండె పొంగింది. తానూ రెండు చేతులూ పైకెత్తి, గట్టిగా ఊపిరి పీల్చి ఈల ఊదారు. ఆ ఊపిరికి పొట్ట ముందుకు వచ్చింది. డ్రమ్ము మీద రోజులు గడిపిన ఎలాస్టిక్ అప్పటికే ఆశ వదులుకుని ఉంది. తెల్ల ప్యాంటు తడి బరువుకు నేరుగా బూట్ల మీద కూర్చుంది. లోపల చారల లాగు మాత్రం చెక్కుచెదరలేదు. అది ఎన్నడో కత్తెరక్క కుట్టిందే, బొందుతో. మాస్టారు పరువుగల మనిషి. పిల్లలందరూ కిందికి దిగేదాకా చేతులు దించలేదు.

"అమ్మా, అదిగో జారింది" అన్నాడు మరిది, తల్లి గొడుగు కిందికి దూరుతూ. "ఒక్కటి జారినా గది నాదన్నావు."

"జారిన దాంట్లో ఎలాస్టిక్ ఉంది. నిలిచిన దాంట్లో బొందు ఉంది. రెండూ మీ వదిన కుట్టినవే. మధ్యలో దూరింది నీ గొట్టం. గది పెద్దదానిది. నువ్వు నా గొడుగులోంచి బయటికి నడువు."

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారు కదూ? ఆ సాయంత్రం కత్తెరక్క గది బయట మెట్ల మీంచి వీధి మలుపు దాకా పిల్లల వరస. ఒక్కరికీ నిక్కరు ఊడదు. తడిసిన ముడి బిగిసి రాయిలా అయింది. తల్లులు పళ్ళతో లాగారు, తండ్రులు మేకులతో పొడిచారు, లాభం లేదు. పిల్లలకేమో తొందర. కత్తెరక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కణ్ణీ పిలిచి బొందు కత్తిరించింది. కత్తిరించిన ప్రతివాడూ రెండు చేతులతో నడుము పట్టుకుని, దారాల కొట్టాయన నడిచినట్టే నడిచి ఇంటికిపోయాడు. మరిది పాపం ఆ వరసను అదుపు చేస్తూ నిలబడ్డాడు.

మర్నాడు మాస్టారు వచ్చారు, కొత్త బెల్టు పెట్టుకుని. బడి బట్టలన్నీ ఇక ఆమే కుట్టాలన్నారు. "అయితే ఒక్క మాట అమ్మా. ఈసారి అవసరానికి ఊడేలా కుట్టండి."

"ఊడకూడదన్నారు, ఊడకుండా కుట్టాను. ఇప్పుడు ఊడాలంటున్నారు. ముందు మీ బడిని ఒక మాట మీద నిలబడమనండి, తర్వాత చూద్దాం."

ఇదీ కత్తెరక్క కథ. మనసులో పెట్టుకోండి, మీ ఇళ్ళకు పోయాక మీవాళ్ళకూ చెప్పండి. ఆ గది ఇప్పటికీ ఆమెదేనని చెప్పడం మరిచిపోవద్దు. చెప్పేటప్పుడు మాత్రం కిటికీ తెరిచి పెట్టుకోండి.